మెలికలు తిరిగిన ఇసుక పొరలు: గాజు తొట్టిలో చేసి చూడండి

ఏటి గట్టు కోతలో ఇసుక పొరలు మెలికలు తిరిగి కనిపించగానే "ఇక్కడ భూకంపం వచ్చింది" అని రాసేయకూడదు. నానిన పొరను కుదిపినా, మీద ఒక్కసారిగా బరువు పడినా, కింద నుంచి నీరు తన్నుకొచ్చినా దాదాపు అవే ఆకారాలు వస్తాయి. చెన్నైలో బాల్కనీ ఉంటే చాలు, ఇంట్లోనే పరీక్షించవచ్చు.

అడుగు పొడవు, అర అడుగు వెడల్పు, 20 సెం.మీ. ఎత్తున్న గాజు తొట్టి కొళత్తూరు రంగుచేపల దుకాణాల్లో దొరుకుతుంది. సన్న ఇసుక 7 కిలోలు కావాలి. ఎం-శాండ్ (రాతిని పిండి చేసి తీసిన ఇసుక) అయితే నీళ్లు తేటపడేదాకా కడిగి ఎండబెట్టండి. రాతిపొడి మిగిలితే తొట్టి నీరు మసకబారి ఏమీ కనిపించదు. గుర్తు గీతలకు ముగ్గు రాయి పిండి వాడండి. బియ్యప్పిండి నాని జావవుతుంది, రంగోలీ రంగులు కరిగిపోతాయి. రెండో రంగుకు ఇటుక పొడి చాలు.

తొట్టిని మొదటినుంచీ మందపాటి చెక్క పలక మీదే ఉంచి, సగం దాకా నీళ్లు పోయండి. ఇసుకను జల్లెడతో నీళ్లలోకి వానలా రాల్చాలి. కిటుకంతా ఇక్కడే ఉంది: ఇలా రాలిన గింజలు వదులుగా కూర్చుంటాయి. ముందు పొడి ఇసుక పోసి తర్వాత నీళ్లు పోస్తే గాలి ఇరుక్కుంటుంది. గాలి నొక్కుకుపోయే గుణం వల్ల నీటి ఒత్తిడి పెరగదు, ప్రయోగం చెడుతుంది. 3 సెం.మీ.కి ఒకసారి గాజు వెంట గుర్తు గీత వేస్తూ 10 సెం.మీ. దాకా నింపండి. మీది నీటిని సన్న గొట్టంతో తీసేసి వేలు మందం ఉంచండి. వినాయకుడి బొమ్మల బంకమన్ను దోసెపిండిలా కలిపి, గరిటెతో మెల్లగా ఒక సెం.మీ. పరచండి. రాత్రంతా కదపకండి. కదిపితే ఇసుక సర్దుకుని గట్టిపడుతుంది, మర్నాడు ఎంత కొట్టినా లాభం ఉండదు.

రబ్బరు సుత్తితో పలక అంచును కొట్టండి, గాజును కాదు. సెకనుకు రెండు మూడు దెబ్బలు, అర నిమిషం. గింజలు దగ్గరకు జరగబోతాయి, మధ్యనున్న నీరు అంత త్వరగా తప్పుకోలేదు. దాంతో బరువు నీటి మీద పడుతుంది. గింజ గింజను ఆనుకోవడం పోయాక పొర ద్రవంలా ప్రవర్తిస్తుంది. తెల్ల గీత అలలుగా వంగుతుంది. బంకమన్ను కింద చేరిన నీరు ఒక చోట పొరను చీల్చుకుని ఇసుకతో పైకి ఉబికి, చిన్న దిబ్బ పెడుతుంది. 2001 జనవరి 26 భుజ్ భూకంపంలో కచ్ రణ్‌లో ఇలాగే ఇసుక, నీరు నేల చీల్చుకుని ఎగజిమ్మాయి.

ఇప్పుడు సుత్తి పక్కన పెట్టండి. మరో గాజు పాత్రలో 4 సెం.మీ. బంకమట్టి జారు పోసి, మీద తడి ఇసుక గబగబా కుమ్మరించండి. ఇసుక గుండ్రంగా కిందికి దిగుతుంది, దాని పక్కల నుంచి మట్టి నాలుకల్లా పైకి లేస్తుంది. కుదుపు లేకుండానే! వరద ఒక్క రాత్రిలో ఇసుక మేట వేసినా ఇదే జరుగుతుంది.

అందుకే గట్టు కోత దగ్గర ఆకారాన్ని కాక పరిసరాలను చూడండి. మెలికల పొర చెదరని పొరల మధ్య ఇరుక్కుని, ఒకే కాలపు పొరగా కిలోమీటర్ల దూరం సాగుతూ, తెలిసిన ఫాల్ట్ (నేలలో రాళ్లు విరిగి జరిగిన పగులు) వైపు వెళ్లేకొద్దీ పెద్దదవుతుంటే భూకంపాన్ని గట్టిగా అనుమానించవచ్చు. మడతలన్నీ పల్లం వైపే వాలితే వాలులో జారిన మట్టి కావచ్చు, దాన్ని జార్చింది ఏమిటో వేరే వెతకాలి. వరద, అలలు, ఊట నీరు, ఒక్కొక్కటీ కొట్టేశాకే నోటుబుక్కులో భూకంపం అని రాయండి. అవి తేలకపోతే "కారణం తేలలేదు" అనే రాయండి.