బుడమేరు చూసిన స్పోర్ట్స్ కారు బేరానికొస్తే

మొన్న వేసవిలో మా బావమరిది ఫోనులో ఒక ఫొటో చూపించాడు. ఎర్రటి రెండు తలుపుల జర్మన్ స్పోర్ట్స్ కారు. హైదరాబాద్‌లో అదే మోడల్ పలికే ధరలో సగానికి కాస్త ఎక్కువ చెబుతున్నారు. "ఓనరుకి డబ్బు అర్జెంటట బావా, వానలు మొదలయ్యేలోపు ఇచ్చేస్తానంటున్నాడు" అన్నాడు. బండి ఎక్కడుండేదిరా అని అడిగితే సింగ్‌నగర్ అన్నాడు. ఆ తక్కువ ధర ఎందుకో నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి నీళ్ళు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వైపు ఎలా వచ్చాయో బెజవాడలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కొన్ని వీధుల్లో ఆ బురదనీరు రోజుల తరబడి కదల్లేదు. మునిగిన బండ్లన్నీ తుక్కు కాలేదు. మరమ్మతు ఖర్చు ఐడీవీలో (పాలసీలో బండికి రాసిన విలువలో) 75 శాతం దాటితే ఇన్సూరెన్సువాళ్ళు టోటల్ లాస్ కింద, అంటే బండి మొత్తం పోయినట్టే లెక్కకట్టేస్తారు. అలాంటి బండి వేలంలో ఎవరి చేతికో వెళ్ళి, కడిగి, పాలిష్ పట్టి, మళ్ళీ రోడ్డెక్కవచ్చు. మన ఆర్సీ మీద 'ఇది నీట మునిగింది' అని ఎక్కడా ఉండదు. అందుకే కనుక్కోవాల్సిన పని కొనేవాడి నెత్తినే పడుతుంది.

ముందు అడగాల్సింది ధర కాదు, నీళ్ళు ఎంతవరకు వచ్చాయని. టైర్ల వరకేనా, కార్పెట్ తడిసిందా, సీటు దాటిందా, డ్యాష్‌బోర్డు అందుకుందా? స్పోర్ట్స్ కారు నేలకి ఆనుకుని ఉంటుంది. ఇన్నోవాకి చక్రంలో సగం వరకు వచ్చిన నీరు దీనికి తలుపు గడప దాటి లోపలికొచ్చేస్తుంది. పైగా చాలా మోడళ్ళలో కంట్రోల్ మాడ్యూళ్ళు (బండిని నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టెలు) సీటు కింద, కార్పెట్ కింద, బ్యాటరీ డిక్కీ అడుగున ఉంటాయి. పాత బీఎండబ్ల్యూ జెడ్4లో మడత టాపును నడిపే మోటారు వెనకవైపు పల్లంలో ఉంటుంది. దానికి వరద కూడా అక్కర్లేదు, నీళ్ళు పోయే గొట్టం ఆకులతో మూసుకుంటే చాలు.

రెండో ప్రశ్న: ఆ రోజు బండి నిలబెట్టి ఉందా, నీళ్ళలో నడిపారా? నడుస్తున్న ఇంజను నీళ్ళు పీల్చిందంటే లోపల పిస్టన్‌ని పట్టుకుని ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. నిలబెట్టిన బండిని నీళ్ళు దిగాక స్టార్ట్ చెయ్యకుండా తీసుకెళ్ళి ఉంటే ఇంజను బతికే అవకాశం ఎక్కువ. కానీ రోజుల తరబడి నానింది కాబట్టి వైరింగ్ గతి వేరు. నీరు వైరు తొడుగు లోపలికి పాకి, రాగిని నెమ్మదిగా పచ్చగా మార్చేస్తుంది. కొన్న రోజున అంతా బాగానే ఉంటుంది. ఏడాది తర్వాత ఒకరోజు అద్దం దిగదు, ఇంకోరోజు గేరు పడదు, ఇంకోరోజు తాళంచెవిని బండి గుర్తుపట్టదు. అసలు టెన్షన్ ఇదే.

చూడటానికి వెళ్ళేటప్పుడు టార్చిలైటు, పాత బట్ట తీసుకెళ్ళండి. కడిగేవాడి చెయ్యి వెళ్ళని చోట్లే చూడాలి. సీటుబెల్టు చివరంటా లాగండి, మడతలో బురద గీత దొరుకుతుంది. సీటు పట్టాల బోల్టులు, డ్యాష్ కింద రంగు వెయ్యని స్క్రూలు తుప్పు పట్టాయా? హెడ్‌లైటు అద్దం లోపల నీటి గీత ఉందా? ఏడేళ్ళ బండిలో కార్పెట్ మాత్రం కొత్తగా మెరుస్తుంటే ఎందుకు మార్చారో అడగండి. ఇంజను ఆయిల్ పుల్ల తీస్తే పాలకాఫీ రంగులో ఉండకూడదు, ఉంటే ఆయిల్‌లో నీళ్ళు కలిశాయేమో అనుమానించాలి. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ ఆయిళ్ళు కూడా కాస్త దించి చూపించమనండి. ఇగ్నిషన్ ఆన్ చెయ్యగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని నోరు మూయించారన్నమాట.

మే నెల ఎండలో బండి ఆరిపోయి ముక్కవాసన తెలియకపోవచ్చు. రాత్రంతా అద్దాలు మూసి ఉంచమని, పొద్దున్నే వెళ్ళి మొదటి తలుపు మీరే తియ్యండి. సెంటు గుప్పుమన్నా అనుమానించాల్సిందే.

కాగితాల్లో నాకు బాగా పనికొచ్చింది ఎన్‌సీబీ, అంటే క్లెయిమ్ చెయ్యనందుకు ఇన్సూరెన్సు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. వరుసగా అయిదేళ్ళు క్లెయిమ్ లేకపోతే అది 50 శాతానికి చేరుతుంది. 2024 పాలసీలో 50 ఉండి, ఓనరు మారకుండానే తర్వాతి పాలసీలో సున్నా అయిందంటే మధ్యలో క్లెయిమ్ అయిందేమో అడగాలి. క్లెయిమ్ చేసినా ఆ తగ్గింపు పోకుండా కాపాడే ఎన్‌సీబీ ప్రొటెక్ట్ తీసుకున్నవాళ్ళ దగ్గర ఈ కిటుకు పారదు, అప్పుడు క్లెయిముల చరిత్ర కంపెనీ నుంచే తెప్పించమనాలి. బయటి రాష్ట్రం బండి అయితే ఇక్కడి బుడమేరు ఒక్కటే గుర్తుంచుకుంటే సరిపోదు. చెన్నై 2015, 2023 డిసెంబర్లూ, హైదరాబాద్ 2020 అక్టోబరూ చూసిందేమో కనుక్కోండి.

బెజవాడ మెకానిక్ షెడ్లన్నీ ఉండే ఆటోనగర్‌లో దొరకని పని లేదంటారు. ఇంజను విప్పి బిగించడంలో నేనూ ఒప్పుకుంటాను. కానీ ఈ బండ్లలో మాడ్యూల్ మారిస్తే అది ఆ బండిలో పనిచేసేలా కంపెనీ సాఫ్ట్‌వేరుతో కోడింగ్ చెయ్యాలి, పార్టు ఆర్డరు పెట్టి ఎదురుచూడాలి. కాబట్టి ఆ మోడల్ చేసే చోట లిఫ్టు ఎక్కించి, స్కానర్ పెట్టించేదాకా అడ్వాన్సు ఇవ్వకండి. అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోతే బేరం అక్కడే వదిలెయ్యండి.

నా లెక్క ఇది. కార్పెట్ దగ్గర ఆగి, వెంటనే ఆరబెట్టిన బిల్లులుండి, ఓనరు తనంతట తానే చెబితే ఆలోచించొచ్చు. సీటు దాటితే నాలాంటివాడికి వద్దు, సొంత గ్యారేజీ, ఓపిక ఉన్నవాడి సంగతి వేరు. డ్యాష్ అందుకుంటే ఊరికే ఇచ్చినా పార్టులకే పనికొస్తుంది.

మా వాడు సీటుబెల్టు లాగాడు. చివరి జానెడు మట్టి రంగులో ఉంది. అమ్మేవాడు ఏమీ మాట్లాడలేదు, ధర మాత్రం ఇంకో యాభై వేలు తగ్గించాడు. మేం టీ తాగి వచ్చేశాం. పోయిన వారం అదే ఎర్ర బండి మళ్ళీ అమ్మకానికి కనిపించింది. ఊరు గుంటూరు అని ఉంది, ధర లక్షన్నర పెరిగింది, వరద మాట ఎక్కడా లేదు.