నలుగురితో హారర్ సినిమా చూసే ముందు

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మా మేడగదిలో శనివారం రాత్రి హారర్ పెడితే, సినిమా ఏరేది నేనే.

ముందు సర్టిఫికెట్ చూడండి. 2024 నుంచి యూఏలో 7+, 13+, 16+ అని విడగొట్టారు. మా పిన్ని కొడుకు తొమ్మిదో తరగతి. వాడొస్తే 16+ కూడా వద్దు.

తర్వాత అసలు సంగతి: కనపడేది నటనా, నిజమా? మేకప్ రక్తం బకెట్లతో పోసినా పకోడీ తింటూ చూస్తాను. కానీ 1980 నాటి ఇటలీ సినిమా ‘కానిబల్ హోలోకాస్ట్’లో కెమెరా ముందు తాబేలును నిజంగానే చంపారు. అది మా ఇంట్లో ఆడదు. "ఆదివారం కోడికూర తినవేటి?" అని మా బావ ఎకసెక్కం. తింటాను బావా, షాట్ కోసం చంపించను. మన సినిమాల్లో జంతువులకు హాని జరగలేదన్న ప్రకటన మొదట్లోనే వేస్తారు, దాన్ని దాటెయ్యకండి.

అత్యాచారం సీనుంటే ఇంకోటి చూడాలి. కెమెరా ఆమె భయాన్ని పట్టుకుందా, ఒంటిని తడుముతోందా? రెండోదైతే ఆ సినిమా వద్దు. ఇది ట్రైలర్‌లో తేలదు, ముందురోజు ఒక్కరే కూర్చుని చూసుకోవాల్సిందే.

ఇంట్లో బాలింత ఉంటే పసిపిల్లలు చచ్చిపోయే కథలు అసలు ముట్టుకోకండి. దెయ్యం ఎంత బాగున్నా సరే.