పిల్లలు బలపాలు తింటున్నారా? ముందు ఇవి చూడండి

పిల్లాడు క్లాసులో కునికిపాట్లు పడుతున్నాడు, నిన్న చెప్పింది ఇవాళ గుర్తుండట్లేదు, పైగా బలపాలో పచ్చి బియ్యమో నములుతున్నాడంటే, మొద్దు అని తిట్టే ముందు కింది కనురెప్ప కాస్త లాగి చూడండి. లోపల ఎర్రగా ఉండాలి. పాలిపోయి ఉంటే పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 5 నుంచి 11 ఏళ్ల పిల్లలకి 11.5 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనతే.

సర్కారు బడిలో వారానికోసారి ఐరన్ మాత్ర ఇస్తారు, చిన్న క్లాసులకి గులాబీ రంగుది, హైస్కూలు వాళ్లకి నీలం రంగుది. వికారమని కొందరు పిల్లలు జేబులో వేసుకుని దారిలో పారేస్తారు. పరగడుపున వేసుకుంటేనే అది ఎక్కువ, మధ్యాహ్న భోజనం అయ్యాక వేసుకుంటే చాలావరకు తగ్గుతుంది. మలం నల్లగా వస్తే కంగారు పడొద్దు, అది మామూలే. మాత్రకి అటూ ఇటూ ఓ గంట టీ మాత్రం వద్దు, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు (అసలు పొద్దున్నే టీ, బిస్కెట్‌తో పిల్లల్ని బడికి పంపడమే దరిద్రపు అలవాటు). తోటకూర పప్పులో నిమ్మకాయ పిండండి, జామకాయ పెట్టండి, ఐరన్ బాగా పడుతుంది.

కడుపులో నులిపురుగులుంటే తిన్నదాంట్లో కొంత వాటికే పోతుంది. సాధారణంగా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలోనే ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు, నమిలి మింగాలి. ఆ రోజు బడి మానితే కొద్ది రోజుల్లో మిగిలినవాళ్లకి మళ్లీ ఇస్తారు, టీచర్ని అడగండి. బహిర్భూమికి చెప్పుల్లేకుండా వెళ్తే కొంకిపురుగు (నులిపురుగుల్లో ఓ రకం) పాదాల్లోంచి మళ్లీ ఎక్కుతుంది.