4ఎల్60ఈ గేర్‌బాక్స్ విప్పే ముందు: ఏది మార్చాలి, ఏది ఉంచుకోవచ్చు

పాత షెవీ సిల్వరాడో పికప్, టాహో ఎస్‌యూవీ నడిపేవాళ్ళకు 4ఎల్60ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. 1982లో వచ్చిన 700ఆర్4 అనే గేర్‌బాక్స్‌కే 1993లో కంప్యూటర్ కంట్రోల్ చేర్చి షెవీ మాతృసంస్థ జీఎం దీన్ని తెచ్చింది. చాలా బళ్ళలో ఉంది కాబట్టి అమెరికాలో విడిభాగాలు తేలిగ్గా దొరుకుతాయి. వేసవిలో ట్రైలర్ లాగే సీజన్ మొదలయ్యేలోపు గరాజ్‌లో సొంతంగా రీబిల్డ్ చేసుకుందామనుకుంటే మంచిదే. కానీ డబ్బు ఎక్కడ మిగుల్చుకోవచ్చో, ఎక్కడ కూడదో ముందే తేల్చుకోండి.

అంతకన్నా ముందు ప్రాణం సంగతి. ఆయిల్ లేకుండానే ఈ డబ్బా 150 పౌండ్లకు దగ్గరగా ఉంటుంది. గుండెల మీద పెట్టుకుని దించే వీరత్వం వద్దు. బండి స్టాండ్ల మీద ఉండాలి, ట్రాన్స్‌మిషన్ జాక్‌కు చైన్ కట్టాలి, బ్యాటరీ వైరు తీసేయాలి. లోపలి స్ప్రింగులు నొక్కి స్నాప్ రింగ్ తీసేటప్పుడు కళ్ళద్దాలు తప్పనిసరి. ఆ రింగ్ ఎటు ఎగురుతుందో ఎవరికీ తెలీదు.

సీళ్ళు, ఓరింగులు, గ్యాస్కెట్లు, ఫిల్టర్, రాపిడి ప్లేట్లు (క్లచ్‌లో ఒరుసుకుని పట్టే పలకలు), బ్యాండ్ (డ్రమ్‌ను చుట్టి పట్టే పట్టీ) గురించి ఆలోచించక్కర్లేదు, అన్నీ కొత్తవే వేయాలి. బుష్‌లు (షాఫ్ట్ ఆని తిరిగే లోహపు గొట్టాలు) కూడా అంతే. వాటి ధర చూస్తే పాతవి ఉంచుకోవడంలో అర్థం లేదు. ఆర్డర్ పెట్టేటప్పుడు బండి సంవత్సరం, గేర్‌బాక్స్ మీద ఉన్న కోడ్ రెండూ చెప్పండి. పేరు ఒకటే అయినా ఏళ్ళు మారే కొద్దీ లోపలి భాగాలు మారాయి.

అసలు ప్రశ్న, పాతది ఎందుకు మాడింది? ఇందులో ముందుగా పోయేది సాధారణంగా 3-4 క్లచ్, అంటే 3, 4 గేర్లలో పట్టే ప్లేట్ల కట్ట. మాడిన ప్లేట్లు తీసి కొత్తవి పెట్టేస్తే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ ఆ క్లచ్‌కు అందాల్సిన ఆయిల్ ప్రెషర్ ఎక్కడో జారిపోతుంటే కొత్తవీ మాడతాయి. ఆ క్లచ్ ఉండే ఇన్‌పుట్ డ్రమ్‌లోని పిస్టన్ సీళ్ళు గట్టిపడి పగిలాయా, షాఫ్ట్ మీది టెఫ్లాన్ రింగులు అరిగాయా, పంప్ రోటార్‌కు బీటలున్నాయా చూడండి. కేస్‌లో థర్డ్ అక్యుములేటర్ చెక్‌బాల్ క్యాప్సూల్ అని చిన్న గొట్టం ఉంటుంది. అందులోని గుండు సరిగ్గా కూర్చోకపోయినా 3-4 ప్రెషర్ పోతుంది. చాలామంది దాని జోలికే వెళ్ళరు.

స్టీల్ ప్లేట్లను వెలుతురులో పట్టుకుని చూడండి. నీలం మచ్చలుంటే, అద్దం మీద పెట్టినప్పుడు ఊగుతుంటే పారేయండి. చదునుగా, మచ్చ లేకుండా ఉన్నవి ఉంచుకోవచ్చు. ప్లానెటరీ గేర్లలో పళ్ళు బాగుండి, చిన్న గేర్లు పక్కలకు మరీ ఆడకపోతే అవీ ఉంచుకోవచ్చు. మధ్య గేరుకు బిగిసి తిరిగే గిన్నె లాంటి సన్ షెల్‌ను మాత్రం నేను ఎప్పుడూ నమ్మను. అది చీలినా, స్ప్లైన్లు (దాన్ని గేరుకు పట్టి ఉంచే గాడి పళ్ళు) అరిగినా 2, 4, రివర్స్ మూడూ ఒకేసారి పోతాయి, 1, 3 మాత్రం పనిచేస్తూ మనల్ని తికమక పెడతాయి. ఎలాగూ విప్పారు కాబట్టి గట్టిపరచిన కొత్త షెల్ వేసేయండి. అంతకుముందు పి1870 కోడ్ (గేర్‌బాక్స్ జారుతోందని బండి కంప్యూటర్ చూపేది) వచ్చి ఉంటే, ఆయిల్‌ను మళ్ళించే వాల్వ్ బాడీలో టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే డబ్బా) వాల్వ్ కదిలే రంధ్రం అరిగిందేమో చూడాలి. కొత్త సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వ్) వేసినంత మాత్రాన అది పూడదు.

క్లచ్ మాడిన బండిలో పాత టార్క్ కన్వర్టర్‌ను ఎంత కడిగినా నేను తిరిగి పెట్టను. వెల్డింగ్ చేసి మూసేసిన డబ్బా అది, లోపలి మసి పూర్తిగా రాదు. రేడియేటర్‌లోని ఆయిల్ కూలర్‌దీ అదే కథ. పైపులు రెండు వైపుల నుంచీ ఫ్లష్ చేసి, ధారగా రాకపోతే కూలర్ మార్చండి. కొత్త గేర్‌బాక్స్‌కు పాత చెత్త అందేది ఈ దారిలోనే.

బిగించేటప్పుడు నూలు పోగులు రాలే గుడ్డలు దగ్గరికి రానీయకండి. రాపిడి ప్లేట్లను వేసే ముందు కనీసం అరగంట ఆయిల్‌లో నానబెట్టండి. మామూలు గ్రీజు వాడకండి, అది ఆయిల్‌లో కరగదు. అసెంబ్లీ జెల్ లేకపోతే పెట్రోలియం జెల్లీ చాలు.

కన్వర్టర్ ఎక్కించేటప్పుడు తొందర పడకండి. తిప్పుతూ లోపలికి నెడుతుంటే ఒక్కో మెట్టు దిగినట్టు పూర్తిగా కూర్చోవాలి. గేర్‌బాక్స్ ఇంజిన్‌కు చేతితోనే ఆనాలి. సందు కనిపిస్తుంటే బోల్టులతో లాగి బిగించకండి, పంప్ పగులుతుంది. ఆనాక కన్వర్టర్‌కు, ఇంజిన్ వైపు పలక అయిన ఫ్లెక్స్‌ప్లేట్‌కు మధ్య కాస్త ఖాళీ ఉండి, కన్వర్టర్ చేతితో స్వేచ్ఛగా తిరగాలి. అప్పుడే దాన్ని ముందుకు లాగి బోల్టులు పెట్టండి.

ఆయిల్ డెక్స్‌రాన్ 6 పోయండి, పాత డెక్స్‌రాన్ 3 బళ్ళకూ అది పనికొస్తుంది. ముందు 5 క్వార్ట్‌లు పోసి స్టార్ట్ చేసి, మిగతాది కొంచెం కొంచెంగా చేర్చండి. ఇంజిన్ నడుస్తూ ఉండగానే, గేర్లన్నీ ఒకసారి మార్చి, పార్క్‌లో పెట్టి, ఆయిల్ వేడెక్కాక డిప్‌స్టిక్ తీసి మట్టం చూడండి. ఇంజిన్ ఆపి చూస్తే లెక్క తప్పుతుంది.