దసరా సెలవులూ జాకెట్ల ఆర్డర్లూ ఒకేసారి: ఇంట్లో కుట్టేవాళ్లకి జాగ్రత్తలు

మొన్న మా వీధిలో నాలుగేళ్ల పాపకి చూపుడువేలి గోట్లోంచి మిషన్ సూది దిగిపోయింది. వాళ్లమ్మ నిర్లక్ష్యం మనిషేమీ కాదు. కత్తెర అలమరాలో పెడుతుంది, గుండుసూదుల డబ్బాకి మూత పెడుతుంది. ఎవరో కొలత జాకెట్ ఇవ్వడానికొచ్చి గేటు దగ్గర పిలిస్తే లేచి వెళ్లింది, అంతే. మోటార్ స్విచ్ ఆన్‌లోనే ఉంది. పాప కుర్చీ ఎక్కి అచ్చం అమ్మలాగే సూది కింద గుడ్డ సర్దుతుంటే, కింద కూర్చున్న తమ్ముడు పెడల్ మీద చెయ్యి వేశాడు.

కత్తెరలు దాచండి, సూదులు దాచండి అని నేను చెప్పను, అది ఎవరికైనా తెలుసు. నేను చూసిన ప్రమాదాల్లో ఎక్కువ భాగం కుడుతున్నప్పుడు జరగలేదు, మధ్యలో లేచినప్పుడే జరిగాయి. పాలు పొంగుతున్నాయనో, ఫోన్ మోగిందనో, "ఒక్క నిమిషమే కదా" అని లేస్తాం. సెలవుల్లో పిల్లలు రోజంతా ఇంట్లోనే ఉంటారు, బతుకమ్మ లంగాఓణీలూ పండగ జాకెట్లూ అప్పుడే మీద పడతాయి, ఆ హడావిడిలో ఎన్నిసార్లు లేస్తామో మనకే తెలీదు. లేచేముందు స్విచ్ ఆపండి.

మిషన్ సంగతి

పెడల్ మీంచి కాలు తీస్తే మిషన్ ఆగినట్టు కాదు. గోడకున్న స్విచ్ ఆపి, పెడల్ ఎత్తి బల్ల మీద పెట్టి లేవండి, నేల మీదుంటే పిల్లలకి అదో బొమ్మే.

కాలి మిషన్‌కి స్విచ్ లేదు కదా అని ధీమాగా ఉండకండి. బాబిన్‌కి దారం చుట్టేటప్పుడు చక్రం మధ్యలో ఉండే మరని వదులు చేస్తాం కదా, లేచేటప్పుడు కూడా అదే చేయండి, పిల్లలు తొక్కినా చక్రం తిరుగుతుంది గానీ సూది కదలదు. తోలు బెల్టు జార్చేస్తే ఇంకా మంచిది, చక్రానికీ బెల్టుకీ మధ్య వేళ్లు నలగవు.

జూకీ, జాక్ లాంటి పెద్ద మిషన్లకి పాత క్లచ్ మోటార్ ఉంటే మరీ జాగ్రత్త. స్విచ్ ఆపాక కూడా ఆ మోటార్ కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది, ఆ కాసేపట్లో పెడల్ తొక్కితే సూది దిగిపోతుంది. అందుకని స్విచ్ ఆపి, సూది కింద పాత గుడ్డముక్క పెట్టి, పెడల్ తొక్కి, పూర్తిగా ఆగిందని చూశాకే లేవండి. సర్వో మోటార్ అలా ఊరికే తిరుగుతూ ఉండదు, అయినా దానికీ స్విచ్ ఆపాల్సిందే.

పిల్లలకి పని

పిల్లలు మిషన్ దగ్గరికొచ్చేది అల్లరి చేయడానికి కాదు, మనం చేసేది వాళ్లకీ చేయాలని ఉంటుంది. ఫోన్ ఇస్తే ఒక జాకెట్ అయ్యేదాకా కదలరు, నిజమే, కానీ ఛార్జింగ్ అయిపోగానే ఏడుస్తూ నేరుగా మన కాళ్ల దగ్గరికే వస్తారు. దానికన్నా మీకు ఎదురుగా, కుర్చీలోంచి కనపడేచోట చాప వేసి వాళ్లకీ ఒక టైలర్ షాపు పెట్టించండి. అయిపోయిన దారం కోన్లు ఒకదాని మీద ఒకటి పేరిస్తే గోపురాలవుతాయి. లైనింగ్ ముక్కలు రంగుల వారీగా వేరు చేయమనండి, అది మీకూ పనికొచ్చేదే. కాస్త పెద్దపిల్లలైతే పాత పేపర్ మీద జాకెట్ బొమ్మ గీసి, దాని నిండా ముక్కలు అంటిస్తారు. మా ఇంట్లో బాగా నడిచేది మాత్రం ఆర్డరివ్వడం. "బొమ్మకి చీర కావాలి, సాయంత్రానికల్లా ఇవ్వాలి" అంటాను, ఆలస్యమైతే నా కస్టమర్లు నాతో పెట్టుకునే గొడవంతా నేను వాళ్లతో పెట్టుకుంటాను.

మోటార్ పనీ కటింగూ వాళ్లు నిద్రపోయినప్పుడు పెట్టుకోండి. కటింగ్ నేల మీద చేస్తాం, కత్తెరా నేల మీదే ఉంటుంది. వాళ్లు మేలుకుని ఉంటే లైనింగ్ తడిపి ఆరేయడం, మ్యాచింగ్ దారాలు చూసుకోవడం లాంటివి చేసుకోవచ్చు.

మిగతావి

మూడేళ్లలోపు వాళ్లకి బటన్లు, హుక్కులు, మగ్గం వర్క్ పూసలు ఆడుకోడానికి ఇవ్వద్దు. ముక్కులోకో గొంతులోకో పోతాయి.

గుండుసూదులు నోట్లో పెట్టుకోకండి, వాళ్లు మనల్ని చూసే నేర్చుకుంటారు.

పని అయ్యాక పాత స్పీకర్ అయస్కాంతం నేలంతా తిప్పండి. ఇత్తడి పిన్నులు దానికి అంటుకోవు, చూసి ఏరాలి.

సూది విరిగితే ముక్కలన్నీ దొరికేదాకా పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వద్దు.

ఇస్త్రీపెట్టె వైరు వేలాడకూడదు.

టేపు, నాడా మెడలో వేసుకుని ఆడనివ్వద్దు. ప్లాస్టిక్ కవర్లు పైన పెట్టండి.

చంటిపిల్ల ఊరికే ఏడుస్తుంటే చేతివేళ్లు, కాలివేళ్లు చూడండి. దారప్పోగు బిగుసుకుంటే రక్తం ఆడక వేలు వాచిపోతుంది.

బిడ్డని ఒళ్లో పెట్టుకుని మోటార్ మిషన్ కుట్టకండి. ఎంత అర్జెంటైనా సరే.

కస్టమర్ పిలిచినా, అత్తగారు పిలిచినా, కుక్కర్ కూతేసినా, ముందు స్విచ్.

వేలికి సూది దిగితే కూడా ముందు స్విచ్, తర్వాతే వేలి సంగతి. ముక్క లోపల ఉండిపోతే కెలకకండి, లాగకండి. శుభ్రమైన గుడ్డ చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఎక్స్‌రే, టీటీ సంగతి వాళ్లే చూస్తారు.

మిషన్ ఆయిల్ తాగితే వాంతి చేయించకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పిన్ను గానీ హుక్కు గానీ మింగితే అరటిపండు పెట్టి చూద్దాం అనొద్దు. ఏమీ పెట్టకుండా బయల్దేరండి, బండి లేకపోతే 108కి చేయండి. ఆడుకోమని ఇచ్చిన పాటల బొమ్మలోంచి బటన్ సెల్, అంటే గుండ్రటి చిన్న బ్యాటరీ, మింగితే రేపటిదాకా ఆగేది కాదు, రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేస్తుంది. మింగినలాంటిదే ఇంకొకటి ఇంట్లో ఉంటే వెంట తీసుకెళ్లండి, డాక్టర్‌కి చూపించవచ్చు.