రెండర్‌లో గోడ రంగు: ముందు టార్చి, తర్వాతే కంప్యూటర్

ఇంటీరియర్ రెండర్లు, అంటే కంప్యూటర్‌లో తయారయ్యే గది లోపలి బొమ్మలు, చేసే పనిలో చాలా కాలం నేను సోఫాల మీద, కర్టెన్ల మీద రోజులు పోశాను. గోడ దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒక తెలుపు పడేసి ముందుకు వెళ్లిపోయేవాణ్ణి. ఫ్రేములో సగానికి పైగా ఆక్రమించేది ఆ గోడే అన్న సంగతి మాత్రం పట్టించుకోలేదు. "అంతా బాగానే ఉంది కానీ బొమ్మరిల్లులా ఉందండీ" అని ఒక క్లయింటు అన్నప్పుడు కూడా లైట్లు అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. ఆ తర్వాత ఒకసారి మా పడకగదికి నేనే రంగు వేసుకోవాల్సి వచ్చింది. రెండు రోజులు రోలర్ పట్టుకున్నాక తెలిసింది, నా గోడల్లో ఏం తక్కువవుతోందో.

కాబట్టి సాఫ్ట్‌వేర్ తెరవకముందే ఒక పని చేయండి. రాత్రి గదిలో లైట్లన్నీ ఆపేసి, ఫోన్ టార్చిని గోడకు దాదాపు ఆనించి, వెలుగు గోడ వెంట పాకేలా పట్టుకోండి. పగలు నున్నగా కనిపించే గోడ అప్పుడు గుట్టు బయటపెడుతుంది. లప్పం పట్టిన చోట అర మీటరు పొడవున మెల్లగా లేచి పడే అలలు ఉంటాయి. వాటి మీద రోలర్ వదిలిన రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పు బొడిపెలు, నారింజ తొక్కలాగా. పైకప్పు అంచున, స్విచ్‌బోర్డు చుట్టూ రోలర్ అందని చోట బ్రష్ గీతలు. ఈ మూడింటినీ పక్క వెలుగులో ఫోటో తీసి పెట్టుకోండి. నెట్‌లో దొరికే టెక్స్చర్ల కన్నా ఆ ఫోటోలే నాకు ఎక్కువ పనికొచ్చాయి.

ఇక రంగు. నేను వాడేది బ్లెండర్ 4.2 అనే త్రీడీ సాఫ్ట్‌వేర్, అందులో వెలుగును లెక్కగట్టి బొమ్మ తీసే సైకిల్స్ ఇంజిన్. మీరు వేరే ఇంజిన్ వాడినా లెక్క ఇదే. తెల్ల గోడ అనగానే బేస్ కలర్ (పడిన వెలుగులో ఎంత తిరిగొస్తుందో చెప్పే అంకె) 1.0 పెట్టేస్తారు చాలామంది. పడిన వెలుగంతా తిప్పి పంపే రంగు ఎక్కడా లేదు. మంచి తెల్ల పెయింటైనా 0.8 నుంచి 0.9 మధ్యే ఉంటుంది. నేను 0.8 దాటను. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ మూసిన గదిలో వెలుగు గోడ నుంచి గోడకు తగులుతూనే ఉంటుంది కదా. అలా తగిలిన వెలుగంతా కూడితే 0.8 గోడల గదిలో మొదటి వెలుగుకు 5 రెట్లు, 0.9 అయితే 10 రెట్లు, 1.0 అయితే లెక్కకు అంతే లేదు. మూలల్లో నీడ మాయమై గది పాలు పోసినట్టు అయిపోవడానికి కారణం అదే.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. కలర్ పికర్‌లో కనిపించే ఆర్‌జీబీ అంకెలు లీనియర్ (వెలుగు మోతాదు ఎంతో అంతే), హెక్స్ అనే రంగు కోడు మాత్రం ఎస్‌ఆర్‌జీబీ (తెర కోసం, కంటికి తగ్గట్టు సర్దిన అంకెలు). లీనియర్ 0.8 అంటే 255కి 231. లీనియర్ 0.5 అంటే 128 కాదు, 188. ఈ రెండూ కలిపేసుకుని నేను ఒక గదినంతా బూడిదరంగు చేసి క్లయింటుకు పంపాను. అప్పటి నుంచీ ఈ అంకెలు మానిటర్ పక్కన కాగితం మీద రాసి అంటించి ఉన్నాయి.

రంగు గోడలైతే ఇంకో సంగతి. వెలుగు ఒక్కోసారి తగిలినప్పుడల్లా రంగు ముదురుతుంది. ఎరుపు 0.5, ఆకుపచ్చ 0.7 ఉన్న గోడ తీసుకోండి. మొదటిసారి ఎరుపు ఆకుపచ్చలో 71 శాతం, రెండోసారికి 51 శాతం, మూడోసారికి 36. అందుకే షేడ్ కార్డులో లేతగా ఉన్న ఆకుపచ్చను గది నాలుగు గోడలకూ వేస్తే గాఢంగా కనిపిస్తుంది. నిజం గదిలోనూ ఇదే జరుగుతుంది, కాబట్టి రెండర్‌లో దీన్ని తప్పు అనుకుని సరిదిద్దకండి. సైకిల్స్‌లో డిఫ్యూజ్ బౌన్సులు (వెలుగు గోడలకు తగిలి తిరగడాన్ని ఎన్నిసార్ల వరకు లెక్కించాలో చెప్పే అంకె) మామూలుగా 4 ఉంటాయి. నాలుగుసార్లు తగిలాక కూడా 0.8 గోడల దగ్గర 41 శాతం వెలుగు మిగిలే ఉంటుంది, దాన్ని ఇంజిన్ పారేస్తుంది. గది లోపలి సీన్లకు నేను 8 పెడతాను.

రెండర్‌లో తెలుపు మసకగా ఉందని మెటీరియల్‌ను పెంచకండి. బ్లెండర్ 4.0 నుంచి డిఫాల్ట్‌గా వచ్చే ఏజీఎక్స్ వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ (లెక్కగట్టిన వెలుగును తెర మీది రంగులుగా మార్చే పద్ధతి) వెలుగులను మెత్తబరుస్తుంది. ఎక్స్‌పోజర్ పెంచితే సరిపోతుంది.

మెరుపు దగ్గర జరిగే పెద్ద పొరపాటు, మ్యాట్ గోడ కదా అని స్పెక్యులర్‌ను (పైపొర మెరుపును) సున్నా చేయడం. మ్యాట్ పెయింటు కూడా పెయింటే. ఐఓఆర్ (వెలుగు ఎంత వంగుతుందో చెప్పే వక్రీభవన గుణకం) 1.5 దగ్గర ఎదురుగా చూస్తే 4 శాతం వెలుగు పైపొర నుంచే తిరిగొస్తుంది, ఏటవాలుగా చూసేకొద్దీ అది పెరుగుతుంది. కిటికీ పక్కన గోడ మీద కనిపించే ఆ పలచని తెల్లటి తళుకు దానిదే. అది తీసేస్తే గోడ సుద్దముక్క అవుతుంది. ఐఓఆర్‌ను కదిలించకుండా రఫ్‌నెస్ (గరుకుదనం) మాత్రమే మార్చండి. మ్యాట్‌కు నేను 0.85, సిల్క్‌లాంటి మెరుపున్న ఎమల్షన్‌కు 0.45, తలుపులకు వేసే ఎనామిల్‌కు 0.12 దగ్గర మొదలుపెడతాను. ఇవి నా కంటితో కుదుర్చుకున్న అంకెలే, ఏ కంపెనీ పట్టికా కాదు. మెటాలిక్ (లోహపు గుణం) ఎప్పుడూ సున్నానే.

ఇప్పుడు అసలు పని, ఉపరితలం. ముందుగా గోడను ఎంచుకుని కంట్రోల్ ఏ నొక్కి స్కేల్ అప్లై చేయండి. గోడ ఆరిజిన్ (కొలతలు మొదలయ్యే బిందువు) నేల అంచున ఉంచండి. టెక్స్చర్‌ను దేన్నిబట్టి కొలవాలో చెప్పే టెక్స్చర్ కోఆర్డినేట్‌లో ఆబ్జెక్ట్ తీసుకోండి. జనరేటెడ్ తీసుకుంటే పొడవాటి గోడ మీద బొడిపెలు సాగిపోతాయి.

బంప్ నోడ్‌లో (ఉపరితలాన్ని ఎగుడుదిగుడుగా కనిపించేలా చేసే పెట్టెలో) స్ట్రెంగ్త్ అటూ ఇటూ జరుపుతూ కంటికి నచ్చేవరకూ వెతకడం నేను మానేశాను. ఎత్తును మీటర్లలోనే లెక్కగడతాను. బంప్‌లో డిస్టెన్స్ 1, స్ట్రెంగ్త్ 1 అలాగే వదిలేయండి. లప్పం అలలకు ఒక నాయిస్ టెక్స్చర్ (క్రమం లేని మచ్చల నమూనా), స్కేల్ 2, డీటెయిల్ 1. దాన్ని మల్టిప్లై నోడ్‌తో 0.003తో గుణించండి. రోలర్ బొడిపెలకు ఇంకో నాయిస్, స్కేల్ 400, డీటెయిల్ 2, గుణకం 0.0003. రెండింటినీ కూడి బంప్‌లోని హైట్‌కు ఇవ్వండి. నాయిస్ విలువలు చాలావరకు 0.3, 0.7 మధ్యే తిరుగుతాయి, కాబట్టి అలలు దాదాపు 1.2 మిల్లీమీటర్లు, బొడిపెలు 0.12 మిల్లీమీటర్లు వస్తాయి. ఇంత తక్కువా అనిపిస్తుంది. టార్చి ఫోటో పక్కన పెట్టి చూడండి, సరిపోతుంది. కొందరు దీనికి వొరొనాయ్ (గళ్లు గళ్లుగా ఉండే నమూనా) వాడతారు. నాకు అది గులకరాళ్లు పరిచినట్టు ఉంటుంది.

అయితే ఈ బొడిపెలు అన్ని షాట్లకూ వద్దు. నాలుగు మీటర్ల గోడ 1920 పిక్సెల్స్ వెడల్పులో పడితే ఒక పిక్సెల్‌కు 2 మిల్లీమీటర్ల పైనే వస్తుంది. రెండున్నర మిల్లీమీటర్ల బొడిపె ఒక్క పిక్సెల్‌లో ఇరుక్కుంటుంది. అప్పుడు వచ్చేది గరుకుదనం కాదు, చుక్కలు చుక్కలుగా మరకలు, యానిమేషన్‌లో అయితే గోడంతా చీమలు పాకినట్టు. దూరం షాట్లలో బొడిపెల గుణకాన్ని సున్నా చేసి రఫ్‌నెస్‌ను 0.05 పెంచుతాను. లప్పం అలలను మాత్రం తీయను. దూరం నుంచి గోడను గోడలా నిలబెట్టేవి అవే, ముఖ్యంగా పక్కన కిటికీ ఉంటే.

పైకప్పు అంచున కనిపించే బ్రష్ పట్టీ చాలామంది వేయరు. మూడు మీటర్ల ఎత్తు గోడ అనుకుందాం. జెడ్ (ఎత్తు) విలువను మ్యాప్ రేంజ్ నోడ్‌లోకి పంపి, 2.92 నుంచి 2.95 వరకు ఉన్నదాన్ని 0 నుంచి 1గా మార్చండి. అంచు స్కేలు పెట్టి గీసినట్టు ఉండకూడదు కాబట్టి, జెడ్‌కు ముందే కాస్త నాయిస్ కలపండి. ఈ మాస్క్ (ఎక్కడ మార్పు రావాలో 0, 1లతో చెప్పేది) ఉన్నచోట రోలర్ బొడిపెలు తగ్గి బ్రష్ గీతలు రావాలి. గీతలకు నాయిస్‌ను మ్యాపింగ్ నోడ్‌తో సాగదీయండి. గోడ పొడవు వెంట స్కేల్ 15, నిలువున 400. గుణకం 0.0002 చాలు. అదే మాస్క్‌తో రఫ్‌నెస్‌ను 0.03 తగ్గిస్తే, ఏటవాలుగా చూసినప్పుడు మాత్రమే పట్టీ కనిపిస్తుంది. నా పడకగదిలో కూడా అంతే, తలుపు దగ్గర నిలబడితే కనపడదు, మంచం మీద పడుకుంటే కనపడుతుంది.

గోడల మూలలు కత్తిలా ఉంటే పైన చేసిందంతా వృథా. బయటికి వచ్చే మూలలకు 3 మిల్లీమీటర్ల బెవెల్ (అంచును గుండ్రం చేయడం), మూడు సెగ్మెంట్లు ఇవ్వండి. లోపలి మూలలకు 1 మిల్లీమీటరు చాలు.

చివరగా మనుషులు తాకిన గుర్తులు. మ్యాట్ పెయింటును రుద్దితే మాసిపోవడం కంటే ముందు మెరుగెక్కుతుంది. స్విచ్‌బోర్డు చుట్టూ, కుర్చీ వీపు తగిలే ఎత్తులో బ్లెండర్‌లోని టెక్స్చర్ పెయింట్‌తో ఒక మెత్తటి మాస్క్ వేసి, అక్కడ రఫ్‌నెస్‌ను 0.85 నుంచి 0.65కి దించండి. రంగును మూడు శాతం మాత్రమే తగ్గించండి. మాస్క్ బొమ్మకు కలర్ స్పేస్ నాన్-కలర్ పెట్టడం మరవకండి, లేకపోతే మెత్తగా వేసిన అంచులు మారిపోతాయి. కొత్త ఇల్లు చూపించే రెండర్లలో ఈ మాస్క్ ఆపేస్తాను. ఒకసారి మరిచిపోయి పంపితే, "గోడ అక్కడ తుడవాలి" అని క్లయింటు ఎర్రగీత గీసి పంపించాడు. తుడవడానికి స్లైడర్ సున్నా చేశాను కానీ, ఆ ఎర్రగీత ఉన్న ఫైలు మాత్రం దాచుకున్నాను.