వర్చువల్ మెషీన్ డిస్కును కుదించే ముందు: తుపానుల కాలానికి ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

ఇటీవల ఒడిశాలోని గుణుపురంలో ఒక ముద్రణాలయంలో రెండేళ్ళ పని ఒక్క మధ్యాహ్నంలో పోయింది. పాత పేజ్‌మేకర్, తెలుగుకు అను ఫాంట్లు, ఒడియాకు అకృతి ఫాంట్లు కొత్త విండోస్‌లో సరిగా పలకడం లేదని, వాళ్ళు కంప్యూటర్ లోపలే మరొక కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ లోపల విండోస్ ఎక్స్‌పీని నిలిపి, రెండు భాషల శుభలేఖలూ కరపత్రాలూ అందులోనే కూర్చుకుంటూ వచ్చారు. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ నిండిపోయిందన్న హెచ్చరిక కనిపించగానే అక్కడ పనిచేసే కుర్రవాడు పెద్ద ఫైళ్ళ కోసం వెదికి, స్నాప్‌షాట్స్ అనే ఫోల్డర్‌లో పొడవాటి అంకెలూ అక్షరాలూ కలిసిన పేరుతో ఉన్న ఒక ఫైలును చూసి, స్నాప్‌షాట్ అంటే పాత నకలే కదా అనుకుని, షిఫ్ట్ నొక్కి మరీ తుడిచేశాడు. ఆ లోపలి కంప్యూటర్, అంటే వర్చువల్ మెషీన్, తెరుచుకోలేదు. అసలు డిస్కు ఫైలు (ఆ మెషీన్‌కు హార్డ్‌డిస్కుగా పనిచేసే ఫైలు) మిగిలే ఉందని దానిని ఒక కొత్త మెషీన్‌కు తగిలించి చూస్తే ఎక్స్‌పీ చక్కగా తెరుచుకుంది. ఫాంట్లు ఉన్నాయి, పేజ్‌మేకర్ ఉంది, చేసిన పని మాత్రం ఒక్క పేజీ కూడా లేదు.

బరంపురం నుండి జయపురం వరకు పాత సాఫ్ట్‌వేర్‌ను వర్చువల్ మెషీన్లలో బతికించుకుంటున్న ముద్రణాలయాలూ, ఆడిట్ కార్యాలయాలూ, చిన్న ఆసుపత్రులూ చాలా ఉన్నాయి. అక్కడ నేను చూసిన నష్టాలలో ఎక్కువ భాగానికి మూలం ఈ ఒక్క తప్పే కనుక దీనినే ముందు చెబుతాను.

స్నాప్‌షాట్ అంటే, కావాలంటే తిరిగి వెళ్ళగలిగేలా మెషీన్ స్థితికి ఒక క్షణాన వేసుకున్న గుర్తు. దానిని తీసిన క్షణం నుండి అసలు డిస్కు ఫైలులోకి కొత్త రాత పోదు. ఆ తరువాత మీరు చేసిన ప్రతి మార్పూ అప్పుడే పుట్టిన తేడా ఫైలులో చేరుతుంది. పాత ఖాతా పుస్తకాన్ని మూసి బీరువాలో పెట్టి, ఆనాటి నుండి జరిగిన మార్పులను మాత్రమే కొత్త పుస్తకంలో రాసుకుంటూ పోవడం వంటిది ఇది. రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చదివితేనే నేటి నిల్వ తేలుతుంది. కాబట్టి పాతది అసలు ఫైలు. స్నాప్‌షాట్స్ ఫోల్డర్‌లో ఉన్నది కొత్తది. దానిని తుడిస్తే పోయేది పాత నకలు కాదు, స్నాప్‌షాట్ తీసిన నాటి నుండి నేటి వరకు మీరు చేసిన పని మొత్తం.

వర్చువల్‌బాక్స్ వంటిదే అయిన వీఎంవేర్‌లో ఈ తేడా ఫైళ్ళ పేర్ల చివర 000001 వంటి వరుస అంకె ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వారి హైపర్-వీలో వాటి పొడిగింపు ఏవీహెచ్‌డీఎక్స్. పేరు ఏదైనా లక్షణం ఒక్కటే. సందేహం ఉంటే ఫైళ్ళు చివరిగా మారిన తేదీలు చూడండి. అసలు ఫైలు తేదీ స్నాప్‌షాట్ తీసిన రోజు దగ్గర ఆగిపోయి, తేడా ఫైలు తేదీ నిన్నో ఇవాళో చూపిస్తుంది. అయితే స్నాప్‌షాట్లు అనేకం ఉంటే మధ్యలోని ఫైళ్ళకు కూడా పాత తేదీలే ఉంటాయి, అవి కూడా గొలుసులో భాగమే, కనుక తేదీ పాతది కాబట్టి తుడవవచ్చు అని ఎన్నడూ తీర్మానించకండి.

పని ఎప్పుడు పెట్టుకోవాలి

డిస్కును కుదించే పనిని, అంటే డిస్కు ఫైలు వృథాగా ఆక్రమించిన చోటును వెనక్కి తీసుకోవడాన్ని, అక్టోబరు రాకముందే పెట్టుకోండి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12ననే తీరం దాటాయి. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి, గజపతి, గంజాం, రాయగడ జిల్లాలను ముంచెత్తింది. తుపాను మాట అటుంచినా, వాన మబ్బు పట్టిన సాయంత్రం కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. డిస్కును కుదించే పని కొన్ని నిమిషాలలో ముగియవచ్చు, కొన్ని గంటలు పట్టవచ్చు. ఆ వ్యవధిలో ఫైలు లోపలి ముక్కలు స్థానాలు మారుతూ ఉంటాయి, అప్పుడు కరెంటు పోతే ఫైలు సగం పాత రూపంలో, సగం కొత్త రూపంలో మిగిలిపోయే ప్రమాదం ఉంది. యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో ముందే ప్లగ్ తీసి పరీక్షించండి. కొన్ననాడు అరగంట నిలిచిన బ్యాటరీ మూడేళ్ళకు మూడు నిమిషాలు కూడా నిలవకపోవచ్చు. ఛార్జింగ్ నిండిన ల్యాప్‌టాప్‌లో చేసుకోగలిగితే అన్నిటికంటే మేలు.

నకలు

మెషీన్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, మొత్తం ఫోల్డర్‌ను, స్నాప్‌షాట్స్ ఫోల్డర్‌తో సహా, బయటి హార్డ్‌డిస్కులోకి నకలు చేయండి. స్నాప్‌షాట్ నకలు కాదు. అదే డిస్కు మీద, అసలు ఫైలు మీదే ఆధారపడి ఉన్నది నకలు ఎలా అవుతుంది? బయటి డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఫైలును అది తీసుకోదు కనుక ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ ఉండాలి. నకలు ముగిశాక దానిని వేరొక కంప్యూటర్‌లో తెరిచి, గత వారం చేసిన పని ఒకటి కనిపిస్తోందో లేదో చూడండి. అదే కంప్యూటర్‌లో తెరవబోతే, రెండు డిస్కులకూ గుర్తింపు సంఖ్య ఒకటే కావడంతో వర్చువల్‌బాక్స్ అభ్యంతరం చెబుతుంది. తెరిచి చూడని నకలును నకలుగా నేను లెక్కించను.

స్నాప్‌షాట్లను కలపడం

కుదింపు కోసం మెషీన్ లోపలి ఖాళీ చోటును సున్నాలతో నింపాలి (ఎందుకో తరువాతి భాగంలో చెబుతాను). దాని కంటే ముందే ఇది జరగాలి, ఎందుకంటే స్నాప్‌షాట్ ఉండగా సున్నాలు రాస్తే అవి కూడా తేడా ఫైలులోకే పోతాయి. అసలు ఫైలులోని వృథా అలాగే ఉండిపోగా, తేడా ఫైలు వర్చువల్ డిస్కు పూర్తి సామర్థ్యం వరకు ఉబ్బవచ్చు. చోటు మిగుల్చుకోబోయి ఉన్న చోటును కూడా నింపుకున్న వాళ్ళు ఇక్కడే చిక్కుకుంటారు.

స్నాప్‌షాట్‌ను తొలగించే పని ఆ సాఫ్ట్‌వేర్ స్నాప్‌షాట్ పట్టిక నుండే చేయాలి, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ నుండి కాదు. పట్టికలో డిలీట్ అంటే తేడా ఫైలులోని రాతను పక్క ఫైలుతో కలిపి, ఆ మీదట తేడా ఫైలును తీసివేయడం. మీ నేటి పని నిలుస్తుంది. ఎక్స్‌ప్లోరర్‌లో డిలీట్ అంటే తుడిచివేత. మీ నేటి పని పోతుంది. ఒకే మాట, రెండు చోట్ల రెండు ఫలితాలు. పట్టికలో పక్కనే ఉండే రిస్టోర్ మీట మెషీన్‌ను పాత స్థితికి తీసుకుపోతుంది. చోటు కోసం వచ్చిన వాళ్ళకు దానితో పని లేదు.

కలిపే సమయంలో తాత్కాలికంగా అదనపు చోటు కావాలి. అసలు ఫైలు 30 జీబీ, తేడా ఫైలు 34 జీబీ ఉంటే, అసలు ఫైలు 64 జీబీ దాకా పెరిగాక గానీ ఆ 34 తిరిగి రాకపోవచ్చు. హోస్ట్ (బయటి అసలు కంప్యూటర్) డిస్కులో 5 జీబీ మాత్రమే మిగిలి ఉన్నప్పుడు ఈ పనికి దిగకండి. ముందు సినిమాలనో, పాత డౌన్‌లోడ్‌లనో బయటి డిస్కుకు తరలించి చోటు చేసుకోండి.

సున్నాలు, కుదింపు

గెస్ట్ (లోపల నడిచే మెషీన్) లోపల ఫైలు తుడిస్తే ఆ సంగతి హోస్ట్‌కు దానంతట అది తెలియదు. అవసరం కొద్దీ పెరిగే పద్ధతి డిస్కు ఫైలు పెరుగుతుందే తప్ప తనంతట తగ్గదు. అందుకే ఖాళీ చోటును సున్నాలతో నింపి, ఆ సున్నాల భాగాలను తీసివేయమని హోస్ట్‌కు చెప్పాలి. విండోస్ గెస్ట్‌లో ఎస్‌డిలీట్ అనే సాధనాన్ని జెడ్ ఎంపికతో నడపండి. లైనక్స్ గెస్ట్‌లో ఈఎక్స్‌టీ4 విభాగాన్ని చదవడానికి మాత్రమే వీలయ్యేలా మౌంట్ చేసి జీరోఫ్రీ అనే సాధనాన్ని నడపండి. జీరోఫ్రీ ఇప్పటికే సున్నాగా ఉన్న చోట మళ్ళీ రాయదు కనుక డిస్కు అనవసరంగా ఉబ్బదు. ఖాళీ అంతటా సున్నాలు కుమ్మరించే డీడీ పద్ధతికి ఆ విచక్షణ లేదు.

లెక్క వేసుకోండి. వర్చువల్ డిస్కు సామర్థ్యం 80 జీబీ, హోస్ట్‌లో ఫైలు పరిమాణం 64 జీబీ, గెస్ట్ లోపల నిజంగా వాడుకలో ఉన్నది 22 జీబీ అనుకుంటే, తిరిగి వచ్చే చోటు సుమారు 42 జీబీ. కానీ సున్నాలు రాసే సమయంలో ఫైలు 64 నుండి 80 దాకా పెరగవచ్చు కనుక, ఆ 16 జీబీ, దాని మీద మరికొంత హోస్ట్‌లో ముందే ఖాళీగా ఉండాలి.

ఆ తరువాత వర్చువల్‌బాక్స్‌లో మోడిఫైమీడియం ఆదేశానికి కాంపాక్ట్ ఎంపిక ఇవ్వాలి. ఇది వీడీఐ, వీహెచ్‌డీ రకాల డిస్కు ఫైళ్ళకు పనిచేస్తుంది, వీఎండీకేకు పనిచేయదు. హైపర్-వీలో ఆప్టిమైజ్-వీహెచ్‌డీ ఉంది. లైనక్స్ హోస్ట్‌లో కేవీఎం వాడేవారు క్యూఈఎంయూ-ఐఎంజీ కన్వర్ట్‌తో కొత్త క్యూకౌ2 ఫైలు తయారు చేసుకోవడం మంచిది, అందులో పాత ఫైలు చెక్కుచెదరదు. లోపలి స్నాప్‌షాట్లు మాత్రం కొత్త ఫైలులోకి రావు.

ఇక మిగిలినవి వరుసగా.

మెషీన్ సేవ్డ్ స్థితిలో (షట్‌డౌన్ కాకుండా నడుస్తున్నది నడుస్తున్నట్టే ఆపి ఉంచిన స్థితిలో) ఉండగా డిస్కు జోలికి పోకండి. పవర్డ్ ఆఫ్ అని కనిపించాలి.

విండోస్ 8, ఆ తరువాతి గెస్ట్‌లను షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయండి. లేకుంటే ఫాస్ట్ స్టార్టప్ వల్ల అది సగం నిద్రలోనే ఉంటుంది.

సున్నాలు రాసే ముందే గెస్ట్‌లో హైబర్నేషన్ ఆపండి, డిస్క్ క్లీనప్ నడపండి, రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి. తరువాత చేస్తే మళ్ళీ మొదటి నుండి చేయాలి.

హోస్ట్‌లో స్లీప్ ఆపండి. విండోస్ అప్‌డేట్‌ను పాజ్ చేయండి. పని మధ్యలో అది రీస్టార్ట్ అయితే కరెంటు పోయినట్టే.

గెస్ట్ డిస్కు బిట్‌లాకర్‌తోనో లక్స్‌తోనో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే సున్నాలు హోస్ట్‌కు సున్నాలుగా కనిపించవు. శ్రమ వృథా, పైగా ఫైలు ఉబ్బుతుంది.

ఫైలును కుదించడం వేరు, డిస్కు సామర్థ్యాన్ని తగ్గించడం వేరు. 80 జీబీ డిస్కును 40 జీబీగా మార్చే ప్రయత్నం చేయకండి. మీకు అది అవసరం లేదు.

పూర్తి పరిమాణంతో ముందే కేటాయించిన డిస్కు ఈ పద్ధతిలో తగ్గదు. ఏ రకమో ముందు చూసుకోండి.

నడుస్తున్న మెషీన్ డిస్కు మీద వర్ట్-స్పార్సిఫై (లైనక్స్‌లో డిస్కు ఫైలును కుదించే సాధనం) నడపకండి.

కలపడం సగంలో ఉండగా శాతం కదలడం లేదని రద్దు చేయకండి. టాస్క్ మేనేజర్ నుండి మూసివేయకండి. డిస్కు దీపం మెరుస్తున్నంతసేపు వేచి ఉండండి.

స్నాప్‌షాట్స్ ఫోల్డర్‌లోని ఫైలు పేరు మార్చకండి. తరలించకండి. తుడవకండి. అది పాతది కాదు.

ఒకవేళ ఎవరైనా తుడిచే ఉంటే, మొదట రీసైకిల్ బిన్ చూడండి. అక్కడ లేకపోతే ఆ కంప్యూటర్‌ను వెంటనే ఆపివేయండి. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే డిస్కులోకి దించుకోకండి. ఎస్‌ఎస్‌డీ అయితే ట్రిమ్ (తుడిచిన ఫైలు చోటును ఎస్‌ఎస్‌డీ ఖాళీ చేసుకునే ఏర్పాటు) వల్ల ఆశ చాలా తక్కువ, హార్డ్‌డిస్కు అయితే కొంత ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యంగా, అసలు డిస్కును కొత్త మెషీన్‌కు తగిలించి తెరవకండి. ఒక్కసారి తెరిస్తే గెస్ట్ అందులో ఏదో ఒకటి రాస్తుంది. అసలు ఫైలు మారితే, ఆ తరువాత తేడా ఫైలు దొరికినా రెండూ ఒకదానితో ఒకటి పొసగవు. గుణుపురంలో ఆ చివరి అవకాశం పోయింది ఆ ఆత్రంలోనే. తెరిచి చూడాలనుకుంటే నకలు తీసి, ఆ నకలును తెరవండి.

కుదింపు విజయవంతమైన రోజునే పాత నకలును తుడవకండి. మెషీన్ తెరుచుకోవడం చాలదు. ఫాంట్లతో ఒక పేజీ ముద్రించి చూడండి, లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఒక నెలాఖరు ముగించి చూడండి, ఆ తరువాతే బయటి డిస్కులో చోటు సంగతి ఆలోచించండి.